ప్యూపా నల్లబడిన రోజు

మొన్న మనవరాలి సైన్సు పుస్తకంలో సీతాకోకచిలుక గుడ్డు నుంచి రెక్కల దాకా నాలుగు బొమ్మల్లో ఇట్టే ఎదిగిపోవడం చూసి నాకు నవ్వొచ్చింది. ఆ నాలుగో బొమ్మ ఫోటో తీయడానికి గోదావరిఖని క్వార్టర్లో నాకు రెండు వానాకాలాలు పట్టింది మరి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. మా ఆవిడ పెంచిన కరివేపాకు చెట్టే మా లైనులో సగం ఇళ్ల పోపులకు ఆధారం. పిట్టరెట్టల్లా కనిపించే పురుగులు దానిమీద చేరి, ఎదిగి ఆకుపచ్చగా మారి, కొమ్మలకు కొమ్మలే బోడి చేస్తుంటే, నేను వాటిని చంపనివ్వకుండా రీలు కెమెరాతో కాపలా కాసేవాణ్ణి. మొదటి ఏడాది, పురుగు కదలకుండా గూడులా మారిన ప్యూపాకు చిన్న చిల్లి పడి, సన్నని కందిరీగలు బయటికొచ్చాయి. అవి ప్యూపాలోనే గుడ్లు పెడతాయనీ, వాటి పిల్లలు లోపలి ప్రాణాన్ని తిని పెరుగుతాయనీ, ప్యూపా నల్లబడి రెక్కల మచ్చలు పైకి కనిపిస్తే మాత్రం తెల్లారి సీతాకోకచిలుక వస్తుందనీ కాలేజీలో జువాలజీ చెప్పే మా తోడల్లుడు వివరించాడు.

మరుసటి ఏడు మా ఆవిడ తెగేసి చెప్పింది. "గీసారి గూడ ఈగలే వస్తే ఒక్క పురుగును ఉంచ. అన్నిటికి మందు కొడ్త."

ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి ప్యూపా నల్లబడి, లోపల పసుపు మచ్చలు కనిపించాయి. తెల్లవారితే నాకు మొదటి షిఫ్టు. పక్క క్వార్టర్లోని మిత్రుణ్ణి షిఫ్టు మార్చుకోమని బతిమాలితే, "పురుగు పుడ్తదని డ్యూటీ మారుతవా బావా? మరి పురుడెప్పుడు జేస్తవు?" అని పడీపడీ నవ్వి, సరేనన్నాడు.

పొద్దున సన్నని తుంపర. మా ఆవిడ గొడుగు పట్టింది. రీలులో మిగిలినవి మూడే ఫోటోలు. పెంకు పగిలి, పిండిన గుడ్డలాంటి రెక్కలతో అది బయటికి రాగానే రెండు తీసేశాను. మూడోదానికి బటన్ మీద వేలు పెట్టబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు, ఇంక విప్పుకోలె. గంత జల్ది ఏంది నీకు?"

ఒంట్లోని ద్రవం ఎక్కుతుంటే రెక్కలు మెల్లగా సాగాయి. నలుపు మీద పసుపు మచ్చలతో పూర్తిగా విచ్చుకున్నాక, "ఇగ కొట్టు" అంది. కొట్టాను. ఆ రోజు రెండో షిఫ్టుకు గనిలోకి మెడల్ గెలిచినవాడిలా దిగాను. ఫోటో పెద్దది చేయిస్తే లైనంతా వచ్చి చూసింది. ఆకు కోసుకునేవాళ్లకు మా ఆవిడే, "ఆ కొమ్మ ముట్టకున్రి, పిల్లలున్నయి" అని చెప్పడం మొదలుపెట్టింది.

ఆ క్వార్టర్లూ లేవు, చెట్టూ లేదు. ఇప్పుడు మార్కెట్లో కరివేపాకు ఒక్క కొరుకైనా లేకుండా నిగనిగలాడుతూ దొరుకుతుంది. మా ఆవిడ ఆకు తిప్పి తిప్పి చూసి, పురుగు ముట్టనిది మనమెట్ల తింటమంటూ కట్టను మళ్లీ బుట్టలో పెట్టేస్తుంది.