సెలూన్‌లో తొమ్మిది క్రోటన్లు

వీధి చివర సెలూన్ నడిపే ఆయన్ని చిన్నా పెద్దా అందరూ బాబాయ్ అనే పిలిచేవారు. పక్క వీధిలో ఉండే వాళ్లక్క ఒకరోజు తన పెరట్లోంచి తొమ్మిది క్రోటన్ కొమ్మలు కోసి తెచ్చి ఇచ్చింది. బాబాయ్ వాటిని నీళ్ల సీసాల్లో పెట్టాడు. దారప్పోగుల్లాంటి తెల్లటి వేళ్లు రాగానే, అడుగున చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ గ్లాసుల్లో మట్టి నింపి నాటి, అద్దం కింద వరసగా పేర్చాడు. గడ్డం గీస్తూ కూడా వాటివంకే చూసేవాడు. గీయించుకునేవాళ్లకి ప్రాణం మీదికొచ్చేది.

పది రోజులకి ఆకులు పసుపెక్కాయి. క్రోటన్లకి రంగే కదా అందం అని మురిసిపోయాడు. అవే ఆకులు రాలి, కత్తిరించిన జుట్టులో కలిసిపోతుంటే అక్కకి కబురు పెట్టాడు. ఆవిడ వెంటనే వచ్చింది. ఒక గ్లాసులో మట్టి తీసి పిండితే నీళ్లు కారాయి.

"కొత్త వేళ్లురా ఇవి. వేలు పెడితే పొడిగా తగిలినప్పుడే పొయ్యాలి. ముంచేస్తే ఎలా బతుకుతాయి?"

రెండు రోజులకోసారి చెంచాతో పోస్తున్నానంతేనని బాబాయ్ ఒట్టేశాడు. మరి ముంచుతున్నదెవరు?

మర్నాడు కత్తెర ఆడిస్తూనే అద్దంలో కాపు కాశాడు. రోజూ పేపరు చదవడానికి వచ్చే రిటైర్డ్ మాస్టారు, నెత్తిన ఒక్క వెంట్రుకైనా లేని మనిషి, అటూ ఇటూ చూసి లేచారు. జుట్టు తడిపే సీసా అందుకుని, హాజరు పిలిచినట్టు ఒక్కో గ్లాసు దగ్గరా ఆగి చిమ్మారు.

బాబాయ్‌కి కోపం నషాళానికి అంటింది. కత్తెరతోనే గిరుక్కున తిరిగాడు. మాస్టారు సీసా కింద పెట్టేశారు.

"నాలుగేళ్లుగా ఊరికే కూర్చుని పోతున్నాను బాబాయ్. నీ చేత జుట్టు కత్తిరించుకుందామంటే నాకు లేదాయె. ఏదో ఒక పని చేద్దామనిపించింది."

బాబాయ్ కత్తెర పక్కన పెట్టాడు. అక్క చెప్పిందంతా ఆయనకి అప్పజెప్పి, ఇకమీదట ఆ పని మీదేనన్నాడు. ముందు వేలు పెట్టి చూడాలి, తర్వాతే నీళ్లు.

మాస్టారు ఆ ఉద్యోగం మహా నిష్ఠగా చేశారు. షట్టరు తీయకముందే వచ్చి నిలబడేవారు. తొమ్మిదింటిలోనూ వేలు గుచ్చి, "ఇవాళ వద్దు" అని ప్రకటించేవారు. జాలిపడి సీసా అందుకోబోయినవాళ్లని కంటిచూపుతోనే కూర్చోబెట్టేవారు. నాలుగు అప్పటికే కుళ్లిపోయాయి. ఐదు నిలదొక్కుకున్నాయి.

ఒక ఉదయం ఆయన మెల్లగా, "చిగురేసింది" అన్నారు. బాబాయ్ చేతిలో పని వదిలేసి పరుగెత్తాడు. సగం క్రాపుతో, మెడకి గుడ్డతో కుర్చీలో ఉన్నాయన కూడా లేచొచ్చాడు. బియ్యపు గింజంత ఎర్రటి మొన. ముగ్గురూ దానిమీదికి వంగి అలాగే నిలబడిపోయారు, సగం క్రాపాయనకి ఆఫీసు గుర్తొచ్చేదాకా.