అక్కయ్య చెంబెడు మెంతినీళ్ళు

తొంభైల చివర ఒక కార్తీక సోమవారం ఉదయం రాజమండ్రిలో విశాఖ రైలెక్కాను. అంతకు ముందు రోజు అక్కయ్య ఫోనులో అన్న మాటే ఈ ప్రయాణానికి కారణం.

"షుగరుకి మెంతులు నానబెట్టిన నీళ్ళు తాగుతున్నానురా. పక్కింటి తమ్ముడు చెప్పాడు."

పదేళ్ళుగా నేను చెబుతున్నదీ అదే. నేను చెబితే చేదన్న మనిషి, పక్కింటివాడు చెబితే తాగుతోంది!

తునిలో ఇడ్లీ తిన్నాను. చట్నీ నీళ్ళగా ఉంది. ఎదుటి ప్రయాణికుడు పలకరించాడు. "సుట్టాలింటికేటి మేష్టారూ?"

"మా అక్కయ్యకు తమ్ముణ్ణి నేనొక్కడినే," అన్నాను. అతడు కిటికీ వైపు తిరిగాడు.

మధ్యాహ్నం స్టేషనులో దిగి, ఆటోలో సీతమ్మధార చేరాను. బావగారు ఉక్కు కర్మాగారంలో పనిచేసిన రోజుల్లో కొన్న ఇల్లు. ఆయన పోయాక అక్కయ్య ఒక్కతే ఉంటోంది. బావగారి పడక్కుర్చీలో పక్కింటి అప్పారావు కూర్చున్నాడు. పోర్టులో అధికారిగా చేసి రిటైరైనవాడు.

"రండి బాబూ! మా అప్ప పొద్దున్నుండీ మీ కోసమే సూత్తంది."

మా అప్పట! మా అక్కయ్య ఇతడికీ అక్కట!

అక్కయ్య ఉపవాసం. మాత్ర వేసుకున్నావా అని అడిగాను.

"మెంతినీళ్ళతో వేసుకున్నాను. మందూ, మెంతినీళ్ళూ ఉపవాసానికి అడ్డం రావుగా. చెంబెడు తాగాను. ఎంత తాగితే అంత మంచిదని తమ్ముడన్నాడు."

"మాత్ర మింగి పస్తుండకూడదు. భోంచెయ్యి."

"వచ్చీ రాగానే బడి పెట్టావూ?" అని నవ్వింది. అప్పారావూ నవ్వాడు.

నాలుగు గంటలకు అక్కయ్యకు చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. షుగరు పడిపోయిందని గ్రహించి పంచదార నీళ్ళు కలిపి తెచ్చాను.

"చుక్క కనబడందే ముట్టను," అని పెదవులు బిగించింది. నచ్చజెప్పాను, గద్దించాను. ఆమె మాట తడబడసాగింది.

అప్పారావు వంటింట్లోంచి బెల్లం ముక్క తెచ్చి, గోడమీది పటానికి చూపాడు. "అప్పా, ఎరక్క సెప్పీసినాను, తప్పు నాదే. ఇది సింహాద్రప్పన్న పెసాదం. కాదంతావేటి?"

నోరు తెరిచింది. నేను కలిపిన పంచదార నీళ్ళు కూడా అతడు స్వామికి చూపించాకనే తాగింది.

మరునాడు క్లినిక్కులో డాక్టరు మందలించాడు. పోపులోకీ పులుసులోకీ మెంతులు నిశ్చింతగా వాడుకోవచ్చు. షుగరు మాత్రలు వేసుకునేవారు వాటిని మందులా తీసుకోదలిస్తే ముందు డాక్టరుకు చెప్పాలి. మాత్ర వేసుకుని పస్తుండటం మరీ ప్రమాదం. నేనన్నదే రుజువైంది. బయటికి వస్తూ అక్కయ్య, "తమ్ముడు లేకపోతే ఏమయ్యేదాన్నో," అంది. ఏ తమ్ముడని నేనడగలేదు.

సాయంత్రం తిరుగు రైలెక్కాను. విశాఖ చక్కని ఊరు, మనుషులు త్వరగా కలిసిపోతారు. అవసరానికి మించి కలిసిపోతారు. అనకాపల్లి దాటాక, అక్కయ్య ఇచ్చిన పెరుగన్నం పొట్లం విప్పాను. పక్కన అప్పారావు ఇంటి మెంతికాయ పచ్చడి. చేదెక్కి ఉంటుందని ఆశగా నోట పెట్టుకున్నాను.

ఉప్పు కూడా సరిపోయింది.