బీరప్ప మామ, రెండు పాత వాక్యూమ్ క్లీనర్లు

నిన్న పొద్దున తమ్ముడి ఫోన్. "అక్కా, బీరప్ప మామ పోయిండు."

స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా లేవలేకపోయాను.

మొన్న ఆదివారమే వీడియో కాల్‌లో నా తెల్ల జుట్టు చూసి ఏడిపించాడు.

మామ మా అమ్మకు సొంత తమ్ముడు. తాండూరులో బండల పాలిష్ షెడ్డులో పని.

పంతొమ్మిది వందల అరవైలలో అమ్మ ఊపిరాడక వికారాబాద్ ఆసుపత్రిలో నెలల తరబడి ఉంది. ఇంట్లో దుమ్ము లేకుంటేనే పంపిస్తానన్నాడు డాక్టర్. మా ఇల్లేమో షెడ్ల పక్కనే. ఊడిస్తే లేచిన దుమ్ము మళ్ళీ అక్కడే కూర్చుంటుంది.

అమ్మను మోమిన్‌పేట్‌లో పుట్టింట్లో దించాలని నాన్న నిర్ణయం. నన్నేమో నానమ్మ దగ్గరే ఉంచుతారట. ఏడేళ్ల దాన్ని, దుప్పటి కప్పుకుని ఏడ్చేదాన్ని.

మామ హైదరాబాద్ పోయి, తుక్కు బజారులో తూకానికి ఒక పాత వాక్యూమ్ క్లీనర్ తెచ్చాడు. మోటార్ కాలిపోయింది. కొత్తది కొనే స్తోమత మాకెక్కడిది?

"గిది నడవాలంటే గిసొంటిదే ఇంకోటి దొరకాలె బిడ్డా. దాన్ని విప్పి దీన్కి ఏస్త" అన్నాడు.

సెలవు దొరికినప్పుడల్లా రైలెక్కాడు. మూడు నెలలకు అదే మోడల్ ఇంకొకటి దొరికింది. డొక్కంతా నలిగిపోయింది కానీ మోటార్ మంచిదే. దుమ్ము చేరే సంచి మాత్రం రెండింటికీ చినిగిపోతే నానమ్మ గుడ్డతో కుట్టింది.

స్విచ్ వేసిన రోజు వాడకట్టంతా మా ఇంట్లోనే. పైపేమో గాలి పీల్చే వైపు కాకుండా వదిలే వైపు బిగించాడు మామ. మూలల్లోని బండల పొడంతా లేచి నానమ్మ మీద పడింది.

"దుమ్ము తియ్యమంటే నాకు పౌడర్ పూస్తివేంది బీరప్పా" అంది నానమ్మ.

మామ సిగ్గుపడుతూ పైపు అటు మార్చాడు. సాయంత్రానికి గచ్చు మీద వేలితో రాస్తే వేలికి ఏమీ అంటలేదు.

వారానికి అమ్మ ఇంటికొచ్చింది.

ఆ రోజు నుంచి మామ మా గడప దాటి లోపలికి రాలేదు. ఒంటి మీద బండల పొడి ఉంటుందని భయం. పని నుంచి వస్తూ కిటికీ బయట నిలబడి, "అక్కా, మంచిగున్నవా" అని అడిగి వెళ్ళేవాడు.

స్నానం చేసి రారా అని అమ్మ బతిమాలేది. "ఎంట్రుకలల్ల ఉంటదక్కా" అనేవాడు.

అమ్మ ఇంకో ఇరవై ఆరేళ్లు బతికింది. అన్నేళ్లూ ఆ అక్కాతమ్ముళ్ల మాటలు కిటికీలోంచే.

మామా, మీ అక్క దగ్గరికే వెళ్తున్నావు.

ఈసారి లోపలికి పోయి, పక్కన కూర్చో. హాయిగా ఉండు.