ఏసీ గదిలో నెత్తళ్లు

ఆ రోజుల్లో మా వైపు ఏ కాలేజీ గుమ్మం తొక్కినా ఒకటే మాట వినిపించేది: ఉద్యోగాలు వెతుక్కోవడం కాదు, పదిమందికి ఉద్యోగాలు ఇచ్చేవాళ్లు కావాలి. ఈ మాట చెప్పేవాళ్లంతా నెల జీతం మీద బతికే ఉద్యోగులే కావడం (నాతో సహా, నాదైతే పర్మినెంటు కూడా కాదు) ఎవరికీ వింతగా తోచేది కాదు. అసలు సంగతిలోకి వెళ్లేముందు ఒక విన్నపం. ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు చిన్నప్పట్నుంచీ లేదు. మా ఇంట్లో నేను ఏ అంకె చెప్పినా నాలుగుతో భాగించి వింటారు. మా ఆవిడ ఇంకాస్త జాగ్రత్తపరురాలు, ఆరుతో భాగిస్తుంది. మీరూ మీకు నచ్చిన అంకె ఒకటి చేతిలో పట్టుకుని కూర్చోండి.

పలాస నుంచి టెక్కలి వెళ్లే హైవే పక్కన, వరిచేల మధ్యన మా కాలేజీ. పదీ పన్నెండేళ్ల కిందటి మాట. నేను లెక్చరరుగా చేరి ఏడాది కాలేదు. మా ప్రిన్సిపాలుగారికి (పెద్దాయన అనేవాళ్లం) కాలేజీని విశ్వవిద్యాలయం చేసి తీరాలన్న కోరిక జ్వరంలా పట్టుకుంది. అది కావాలంటే పైనుంచి ఒక బృందం వచ్చి చూడాలి. చూసినప్పుడు ఆవిష్కరణ కేంద్రం అనేది ఒకటి కనబడాలి. దాన్ని ఎవరి నెత్తిన పెట్టాలో తేల్చే సమావేశం నాడు నా బస్సు కాశీబుగ్గలో ఆగిపోయి నేనొక్కణ్ణే వేళకి వెళ్లలేకపోయాను. వెళ్లేసరికి ఏకగ్రీవంగా ఎన్నికైపోయి ఉన్నాను.

కేంద్రం అంటే ఒక ఏసీ గది. గోడలకు బత్తాయిరంగు, ఆ రంగు మీద నిలువెత్తు అక్షరాలతో 'భిన్నంగా ఆలోచించు', 'ఓటమికి భయపడకు' వగైరా. కుర్చీల బదులు మెత్తటి సంచులు వేశారు. మొదటిరోజు పెద్దాయన అందులో ఒకదాంట్లో కూర్చున్నారు. లేపడానికి ఇద్దరు అటెండర్లూ, ఒక తాడూ కావలసివచ్చాయి. బయట వరండాలో అద్దం తలుపుతో నోటీసు బోర్డు బిగించి, అందులో 'రండి, మీ కొత్త ఆలోచన మాకివ్వండి' అని రాసిపెట్టాను. కింద ఒక పెట్టె. ఆరు నెలల్లో ఆ పెట్టెలోకి వచ్చిన ఆలోచన ఒకే ఒక్కటి: మెస్సు సాంబారులో ముక్కలు ఎక్కడున్నాయో కనిపెట్టే పరికరం. కుర్రాళ్లు గదిలోకి వచ్చేవాళ్లు గానీ, నిద్రపోవడానికి వచ్చేవాళ్లు. ఇక చేసేది లేక విశాఖపట్నంలో ప్రాజెక్టులు అమ్మే దుకాణానికి వెళ్లి, అంధుల కోసం కూతపెట్టే చేతికర్ర ఒకటీ, గీత మీద నడిచే బొమ్మబండి ఒకటీ కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టాను. దుకాణంవాడు నాకా కర్ర ఇస్తూ, ఈ నెలలో ఇది మీ జిల్లాకి నలభయ్యోది సార్ అని గర్వంగా చెప్పాడు.

బృందం సోమవారం వస్తుందనగా, అంతకుముందు బుధవారం నా నోటీసు బోర్డు అద్దం తలుపు మాయమైంది. లోపలి కాగితాన్ని మాత్రం ఎవరో నాలుగు పిన్నులతో చక్కగా మళ్లీ గుచ్చి వెళ్లారు. మూడో సంవత్సరం చదివే ఒక అమ్మాయి చేసిన పని ఇదని రెండు రోజుల్లో తేలింది. తేల్చింది పిల్లులు. ఆడపిల్లల హాస్టలు చుట్టూ నాలుగూళ్ల పిల్లులు చేరి డాబావైపు తలలెత్తి చూస్తుంటే, వార్డెనమ్మ అనుమానం వచ్చి డాబా ఎక్కింది. అక్కడ విరిగిన మంచం చట్రం, దానిలో నల్లరంగు పూసిన మెస్సు పళ్లేలు, పైన నా బోర్డు అద్దం, పక్కన పాడైపోయిన కంప్యూటర్లోంచి ఊడబీకిన చిన్న ఫ్యాను, దానికో పాత బ్యాటరీ. అద్దం కింద వెండిపోగుల్లా నెత్తళ్లు, వేలెడంత చేపలు, ఎండుతున్నాయి. ఆ అమ్మాయిది ఉద్దానం తీరంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊరు. తండ్రి వేటకెళతాడు, తల్లి చేపలెండబెట్టి అమ్ముతుంది. ఈ పిల్ల రొయ్యపొట్టూ నెత్తళ్లూ పొట్లాలు కట్టి హాస్టల్లో ఏడాదిగా అమ్ముతోందట. అందుకని అందరూ ఆమెను 'పొట్టు' అనేవాళ్లు. మెస్సు కూర తినలేని రోజున (అంటే వారానికి ఏడు రోజులు) పొట్టు పొట్లమే ఆ హాస్టలుకు దిక్కు. ఇవన్నీ వార్డెనమ్మకు తప్ప అందరికీ తెలుసు.

శుక్రవారం క్రమశిక్షణ కమిటీ కూర్చుంది. పెద్దాయన, వార్డెనమ్మ, అద్దం పోగొట్టుకున్నవాడిగా నేను. నేరాలు మూడు: హాస్టల్లో వ్యాపారం, కాలేజీ ఆస్తికి నష్టం, వాసన. శిక్ష నెల రోజుల సస్పెన్షను. నెల అంటే ప్రాక్టికల్స్ పోతాయి, ప్రాక్టికల్స్ పోతే సంవత్సరం పోతుంది, సంవత్సరం పోతే స్కాలర్‌షిప్పు ఆగుతుంది, అది ఆగితే ఆ ఇంట్లో చదువన్న మాట ఇక లేవదు. ఇది ఆడపిల్లల హాస్టలా, చేపల బజారా అని వార్డెనమ్మ కాగితం చదివి ముగించగానే నేను లేచాను. కుర్చీ వెనక్కి పడిపోయింది. బల్ల మీద అరచేయి వేసి అన్నాను: "సార్, కొత్తగా ఆలోచించమని మనం గోడలనిండా రాయించాం. ఇన్నాళ్లకి ఒక్క మనిషి ఆ మాట నమ్మింది. ఆ ఒక్కర్నీ ఇంటికి పంపేస్తే, ముందు ఆ గోడకి సున్నం కొట్టించండి." తిరుగుతున్న ఫ్యాను ఆగినట్టనిపించింది. పెద్దాయన కళ్లు చెమర్చాయి. చివరికి ఒక ఒప్పందం కుదిరింది: సోమవారం చేపలెండబెట్టే ఆ పెట్టెను నా కేంద్రంలో బృందానికి చూపించాలి. వాళ్లకు నచ్చితే కాగితం చింపేస్తారు. నచ్చకపోతే అదే రోజు పొట్టు సామాను సర్దుకోవాలి, తల్లిని కూడా ఆ రోజే తీసుకురావాలి.

శనివారం మబ్బు పట్టింది. కుర్రాళ్లు పెట్టెను డాబా మీంచి దింపి గదిలోకి మోసుకొచ్చారు. చేపలు తీసేద్దామంటే నేనే వద్దన్నాను. ఖాళీ పెట్టె చూపిస్తే ఏం బాగుంటుంది అన్నది నా లెక్క. పొట్టు నసుగుతూ చెప్పింది: "సార్, సగమే ఎండినాయి సార్. గాలాడని గదిలో ఎడితే పాడైపోతాయి."

"ఏసీ ఉంది కదమ్మా, చల్లగా ఉంటాయి," అన్నాను. (చేప గురించి అప్పటికి నాకు తెలిసిందల్లా దానికి ఒకవైపు తల ఉంటుందని.) గది తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, ఆదివారానికని సోంపేటలో అత్తవారింటికి వెళ్లిపోయాను. ఆదివారం గాలివాన. తెల్లారి మొదలైన కరెంటు కోత పొద్దుగూకేదాకా. నేను అక్కడ వసారాలో మంచం వేసుకుని, సోమవారం నా మెడలో పడబోయే దండ ఏ పువ్వులతో కడతారా అని ఆలోచిస్తున్నాను.

సోమవారం పొద్దున్నే తలుపు తీశాను. పలాసలో జీడిపిక్కలు కాల్చే పొగలో పుట్టి పెరిగిన ముక్కు నాది, దేనికీ లొంగదని పేరు. ఆ వాసన దాన్ని చెంపదెబ్బ కొట్టి, నన్ను తోసుకుని వరండాలోకి వచ్చి, మెట్లెక్కి పెద్దాయన గదికి వెళ్లింది. అటెండరు గోడకి జారి కూర్చున్నాడు. మల్లెపూల వాసన వచ్చే డబ్బాలు రెండు డజన్లు తెప్పించి కొట్టించాం. అంతకుముందు ఒక్క చేపల వాసనే. ఇప్పుడు జడలో మల్లెలు పెట్టుకున్న చేపల వాసన. కిటికీ బయట పిల్లులు బారులు తీరాయి (నలభై మూడు, లెక్కపెట్టాను, మీరు భాగించుకోండి). సరిగ్గా అప్పుడే కార్లు వచ్చాయి.

బృందం పెద్ద, లావు కళ్లజోడాయన, చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చాడు. ముందుగా నా చేతికర్రను ఎత్తిపట్టుకుని, చూడకుండానే మీట నొక్కి, దీని బ్యాటరీ మూత ఎప్పుడూ వదులే, మొన్న రెండు కాలేజీల్లోనూ ఊడిపోయింది అన్నాడు. మూత ఊడి నా కాలి మీద పడింది. ఇక మిగిలింది పెట్టె ఒక్కటే. పొట్టు బాగా చెప్పింది: నల్ల పళ్లెం వేడి పట్టుకుంటుంది, అద్దం ఆ వేడిని పోనివ్వదు, ఫ్యాను తడిని బయటికి లాగేస్తుంది, ఇసక పడదు, మూడు రోజుల్లో ఎండేది రోజున్నరలో ఎండుతుంది. ఆయన అంతా విని, ఇది పుస్తకాల్లో ఎప్పట్నుంచో ఉన్నదే కదమ్మా, ఇందులో కొత్తేముంది అన్నాడు. పెద్దాయన నేల చూశారు. వార్డెనమ్మ సస్పెన్షను కాగితం సంచిలోంచి సగం పైకి తీసింది.

అప్పుడు గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది. "ఎవులు బాబూ, సగమెండిన సేపని గదిలో ఎట్టి తాళమేసినోరు?" పొట్టు వాళ్లమ్మ. పొద్దున్నుంచి వరండాలో నిలబడి ఉందట, ఎవరూ పట్టించుకోలేదు. గదిలో వాళ్లంతా ఒక్కసారి నావైపు తిరిగారు. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "సదూకున్నోరు గదా బాబూ," అంది జాలిగా. తర్వాత పెట్టెలోంచి ఒక నెత్తల్ని తీసి, వంచి, వాసన చూసి, దీన్ని పిల్లి కూడా ముట్టదని తేల్చింది. (కిటికీ బయట నలభై మూడు పిల్లులు ఆ మాటతో ఏకీభవించలేదు.)

కళ్లజోడాయనకు నవ్వొచ్చింది. మర్యాదకే అడిగాడనుకుంటాను, ఈ పెట్టె వల్ల నీకేం లాభం వచ్చిందమ్మా అని. ఆమె చేతిలోని చేపని పెట్టెలో పడేసింది.

"లాభమేటి బాబూ. పెళ్లయిన కాడ్నించీ మద్దేనం పూట కాకుల్నీ కుక్కల్నీ తోలుకుంటా ఎండలో కూకున్నదాన్నే. మొన్న సెలవులకొచ్చి నా కూతురు గుంట ఇలాటి పెట్టె ఒకటి కట్టి ఇచ్చినాది. సేపలేసి మూతెట్టినాను. మరింకేటి సెయ్యాలో తెలీక ఇంట్లోకెళ్లి తొంగున్నాను. మద్దేనం నిద్దర ఇంత బాగుంటాదని నాకు తెలీదు బాబూ."

కళ్లజోడాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. గదిలో అందరి కళ్లూ నీళ్లు కారుతూనే ఉన్నాయి, అది వాసన వల్లో మరి దేనివల్లో నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఆయన ఫైల్లో ఏదో రాశాడు. తర్వాత చూస్తే, ఈ కాలేజీ ఆవిష్కరణ కేంద్రం ప్రస్తుతం ఆడపిల్లల హాస్టలు డాబా మీద నడుస్తోందని, కింది గదిని దేనికైనా వాడుకోవచ్చని ఉంది. వార్డెనమ్మ సస్పెన్షను కాగితాన్ని నిలువునా మడిచి విసురుకోవడం మొదలుపెట్టింది. పొట్టుకు పడిన శిక్ష ఒకటే, నా అద్దం నాకు తిరిగి ఇవ్వడం. మూడుసార్లు కడిగి ఇచ్చింది. అయినా ఆ ఏడాదంతా నా నోటీసులు పిల్లులే చదివాయి.

ఇప్పుడు మా కాలేజీ నిజంగానే విశ్వవిద్యాలయం. కొత్త ఆలోచనల కోసం మూడంతస్తుల మేడ కట్టారు. పోయిన నెల దాన్ని ప్రారంభించడానికి పొట్టునే పిలిచాం. వాళ్ల ఊళ్లో పెద్ద షెడ్డు వేసి, చుట్టుపక్కల తీరపు ఊళ్ల ఆడవాళ్లతో కలిసి అలాంటి పెట్టెలే చాలా నడుపుతోంది. వేదిక మీద ఆమెను పరిచయం చేస్తూ ఈ కథంతా చెప్పాను. బల్ల మీద అరచేయి, పడిపోయిన కుర్చీ, సున్నం మాట, అన్నీ. పిల్లలు చాలాసేపు చప్పట్లు కొట్టారు. పొట్టు తలవంచుకుని నవ్వుతూ విన్నది.

ఇక చెప్పేయాలి. పిల్లులు నిజం (పదో, పదకొండో). మల్లెపూల డబ్బాలు నిజం. ఆ తల్లి మాటల్లో నేనొక్క అక్షరం కలపలేదు. నేను కల్పించింది ఒకే ఒక్కటి, ఆ శుక్రవారం నాటి నా ప్రసంగం. ఆ రోజు నేను లేవలేదు. కుర్చీ పడలేదు. కాగితం నా ముందుకొచ్చింది, నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు, సంతకం పెట్టేశాను. బయటికొస్తే వరండాలో పొట్టు నిలబడి ఉంది. ఏడవలేదు. "సోమవారం మీ గదిలో ఏటి సూపిత్తారు సార్?" అని అడిగింది. "నా పెట్టె ఎట్టుకోండి. మీరెళ్లి కాయితం సోమారం దాకా ఆపించండి," అంది. ఆ బేరాన్ని నేను లోపలికి తీసుకెళ్లి నాదే అన్నట్టు పెద్దాయనకు చెప్పాను.

సభ అయ్యాక టీ దగ్గర నా పక్కకి వచ్చింది. "ఆ గోడా సున్నం మాట శానా బాగుంది సార్. ఆ రోజే అనుంటే ఇంకా బాగుణ్ణు," అంది. తప్పించుకోవడానికి దారి కనబడక, ఆ మాట తోచడానికి నాకు ఆరేళ్లు పట్టిందని ఒప్పుకున్నాను.

"పర్లేదు సార్," అంది పొట్టు, నా చేతిలోని ఖాళీ కప్పు అందుకుంటూ. "మాట బాగా ఎండింది."