గనిగోతిలో కుళ్లిన గుర్రపుడెక్క

గరివిడి దగ్గర పల్లెలో ఉండే మా మేనత్త సువార్తమ్మ ఫోన్ చేసి ఏడవడంతో ఈ ప్రయాణం మొదలైంది. నిరుడు ఊరి చెరువును కమ్మేసిన గుర్రపుడెక్క మొక్కను ఆడవాళ్లందరినీ కూడగట్టి తీయించింది అత్తే. పారేసే చోటు లేక, నీళ్లు నిండిన పాత మాంగనీసు గనిగోతిలోకి తోయించింది. ఈ వేసవిలో గోతికి దిగువనున్న మంచినీళ్ల బావి చెడింది. తోడినప్పుడు తేటగా ఉన్న నీళ్లు బిందెలో ఓ పూట నిలిస్తే నల్లబడుతున్నాయట. ఊరంతా అత్తనే అంటోంది. ఆమె పంపిన నీళ్లను నేను పనిచేసే విశాఖ ల్యాబులో పరీక్షిస్తే మాంగనీసు హద్దు మించి ఉంది. ఆదివారం బయలుదేరాను.

విశాఖ నుంచి విజయనగరం చేరి, అక్కడ పొద్దున పాసింజరు ఎక్కితే గరివిడికి గంటలోపే చేరిపోతాం. స్టేషన్ బయట ఆటో నూట యాభైకి కుదిరింది. ఊరి పేరు చెప్పగానే డ్రైవరు, "అక్కడ నీళ్లు తాగకండమ్మా. తెల్లబట్ట ఉతికితే మసిగుడ్డయిపోతాది" అన్నాడు.

అత్త చర్చికి కూడా వెళ్లకుండా ఇంట్లోనే ఉంది. ఇద్దరం గోతి దగ్గరకు నడిచాం. కర్రతో అడుగును కదిపితే కుళ్లిన ఆకుల ముద్ద పైకి తేలింది. ముక్కు మూసుకోవాల్సి వచ్చింది.

"ఆకే గదే, ఇసమేటి కాదు గదా. మరిలాగెందుకైనాది?" అంది అత్త.

ఆకు కుళ్లేటప్పుడు నీళ్లలోని గాలిని తినేస్తుందని చెప్పాను. గాలి ఉన్నంతకాలం గోతి మట్టిని అంటిపెట్టుకున్న మాంగనీసు, ఆ గాలి తగ్గితే కరిగి నీళ్లలోకి దిగుతుంది. ఆ నీరే ఊటగా బావిలోకి చేరుతోంది. తోడాక మళ్లీ గాలి తగిలి నల్లటి మడ్డిగా విడిపోతోంది.

అత్త కర్రను గట్టున పడేసింది. "అయితే నాను సేసిందేనన్నమాట."

అబద్ధం చెప్పలేకపోయాను. "గోతిలో లోహం నువ్వు వేసింది కాదత్తా. కుళ్లు దాన్ని కదిపింది. అలా అవుతుందని నీకెవరూ చెప్పలేదు."

చర్చి వదిలిన వేళకి అత్త తనే వెళ్లి దారిలో నిలబడింది. "ఒలమ్మా, నావల్లే అయినాది. ఎలాగైనాదో మా మేనకోడలు సెప్తాది, ఇనండి" అంది. నేను మళ్లీ మొదటినుంచీ చెప్పాను. నెలలుగా అత్తతో మాటలు మానేసిన పక్కింటి రత్నం ముందుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వొక్కర్తివే తోసినావేటి వదినా? మోసిన తట్టలు మాయి కావా?"

ఆ మధ్యాహ్నమే గోతిలోంచి కుళ్లును లాగడం మొదలైంది. మాంగనీసు పట్టి ఉంటుంది గనక దాన్ని పొలాలకు ఎరువుగా వేయొద్దని, దూరంగా బీడు నేలమీద వేయమని చెప్పాను. పంచాయతీతో మాట్లాడితే తాగేందుకు ట్యాంకరు ఒప్పుకున్నారు. బిందెలో నీళ్లు నల్లబడడం తగ్గుతోందని అత్త ఇప్పుడు ఫోన్లో అంటోంది గానీ, పరీక్షలో తేలేదాకా తాగొద్దనే నా మాట.

తిరుగు రైల్లో అత్త ముఖమే గుర్తొచ్చింది. మంచి చేయబోయి చెడు జరిగితే మనిషి ఎంత ఒంటరవుతుందో దగ్గరగా చూశాను. తన చేతిమీదుగా జరిగిందని తెలిశాకే ఆమె దాక్కోవడం మాని నలుగురిలోకి వచ్చింది. అది నేను ఊహించలేదు.

పాత గనులున్న ఊళ్లకు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: బావి నీళ్లు ఎంత తేటగా కనిపించినా నమ్మకండి, తాగేనీళ్లు వెంట తీసుకెళ్లండి.