గుడివాడలో కొన్న మెత్తని బూట్లు

ముప్పై తొమ్మిదో ఏట నా ఎడమ మడమ నాతో పేచీ పెట్టుకుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద మేకు దిగినట్టుండేది. కుంటుకుంటూ వంటింటి దాకా వెళ్ళేసరికి కాస్త సర్దుకునేది. బళ్ళో రెండు పీరియడ్లు నిలబడి లెక్కలు చెప్పాక మళ్ళీ మొదలయ్యేది. డాక్టరు గారు నొక్కి చూసి, మడమ నుంచి వేళ్ళ దాకా ఉండే నరం లాంటి పట్టీ వాచిందని, ప్రమాదమేమీ లేదని, "పరుగు మాత్రం మానెయ్యండమ్మా" అని పంపించేశారు. ఆయన అంత తేలిగ్గా అనేసిన ఆ మాట నాకు మడమ కంటే ఎక్కువ నొప్పి పుట్టించింది.

నాగాయలంకలో నా చిన్నతనమంతా కరకట్ట మీద పరుగే. బడికి ఆలస్యమైందని పరుగు, వాన వస్తోందని పరుగు, ఏ కారణమూ లేకపోయినా పరుగు. కాళ్ళకి చెప్పుల్లేవు, కట్ట మీద మట్టి మెత్తగా ఉండేది. గుడివాడలో కాలేజీ చదివేటప్పుడు పందేల్లో కూడా పరుగెత్తాను. పెళ్ళై బందరు వచ్చాక పదమూడేళ్ళు ఆ ఊసే లేదు. పిల్లలిద్దరూ తమ పనులు తాము చేసుకోవడం మొదలెట్టాక, ఒకరోజు తెల్లవారుతుండగా చుడీదార్ వేసుకుని మంగినపూడి రోడ్డెక్కాను. రోజంతా నేను టీచర్ని, కోడల్ని, అమ్మని. ఆ అరగంట మాత్రం ఎవరికీ ఏమీ కాను. అది పోతుందంటే ఏడుపొచ్చింది. సిగ్గెందుకు, ఏడ్చాను కూడా.

మావారు మంచివారే కానీ ఓదార్చడం చేతకాదు. "పరుగు మానేస్తే కొంపలేమన్నా మునుగుతాయా? నడవొచ్చుగా" అన్నారు, పేపర్లోంచి తలెత్తకుండా. నాకు ఒళ్ళు మండింది. "ఒక్క నెల చూస్తాను. సరైన బూట్లు కొనుక్కుని నెమ్మదిగా పరుగెత్తుతాను. నెల తిరిగాక కూడా పొద్దున్నే కుంటుతుంటే, ఇక జన్మలో పరుగు మాటెత్తను" అన్నాను. "మాట మీద ఉంటావా?" అన్నారు. "ఉంటాను" అన్నాను. పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తయ్య మా ఇద్దరి వంకా ఓసారి చూసి మళ్ళీ తన పనిలో పడ్డారు. ఆవిడ మాటల మనిషి కాదు. మావయ్యగారు పోయిన దగ్గర్నుంచి మా దగ్గరే ఉంటున్నారు.

సరైన బూట్లంటే ఏమిటో చెప్పింది మా బళ్ళో డ్రిల్లు మాష్టారు. అప్పటిదాకా నేను పరుగెత్తింది పిల్లలు డ్రిల్లు పీరియడ్‌కి వేసుకునే తెల్ల కాన్వాసు బూట్లతో. వాటి అడుగు అప్పడమంత మందం. మాష్టారు వాటిని తిప్పి చూసి, "వీటితో తారురోడ్డు మీద పరుగెత్తారా? మీ మడమ ఇన్నాళ్ళూ ఊరుకోవడమే గొప్పండి" అన్నారు. మందపాటి మెత్తని అడుగున్న బూట్లు కొనమన్నారు. "కానీ బూట్లొక్కటే చాలవమ్మా. వేగం తగ్గించండి. పక్క మనిషితో ఆయాసం లేకుండా కబుర్లు చెప్పగలిగినంత నెమ్మదిగా వెళ్ళాలి" అని కూడా అన్నారు.

అలాంటి బూట్లు గుడివాడలో ఆయన శిష్యుడి ఆటసామాన్ల షాపులో ఉన్నాయంటే ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. షటిల్ బ్యాట్లు, క్యారమ్ బోర్డుల వెనక నుంచి ఒకే ఒక్క జత తీశాడు. ఎవరో కావాలని తెప్పించుకుని మళ్ళీ రాలేదట. బూడిద రంగు మీద నీలం గీతలు. "మీ ఇంట్లో సార్ గారికేనాండీ?" అన్నాడు. "నాకే" అన్నాను. "ఆడవాళ్ళ సైజుల్లో ఇలాంటివి రావండీ" అని నొచ్చుకున్నాడు. మగవాళ్ళ ఏడో నంబరు. మందపాటి మేజోళ్ళు వేసుకుంటే సరిపోయింది. ఆ షాపులోనే, క్యారమ్ బోర్డుల మధ్య, అటూ ఇటూ నాలుగుసార్లు నడిచాను. మడమ ఏమీ అనలేదు. తిరుగు బస్సులో అట్టపెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మార్కులు వేయడం నా వృత్తి కాబట్టి ఆ బూట్లకీ మొదటి రోజు నుంచే మార్కులు వేయడం మొదలెట్టాను. కాలు పెట్టగానే మడమ కొంచెం కిందకి దిగి ఆగుతుంది. పూర్తిగా కూరుకుపోదు. పరుపు మీద నడిచినట్టుంటుందేమో, అడుగు తూలుతుందేమో అని భయపడ్డాను, అలా ఏమీ లేదు. మడమ వెనక భాగం గట్టిగా పట్టుకుని ఉంటుంది, వేళ్ళ దగ్గర మాత్రం ధారాళంగా చోటు. కాన్వాసు బూట్లతో ప్రతి అడుగూ మోకాలి దాకా తగిలేది. వీటితో రెండు కిలోమీటర్లు వెళ్ళాక గానీ నేను రోడ్డు మీద ఉన్నానని గుర్తు రాలేదు. అంత మెత్తదనం ఒక వస్తువులో పెట్టిన మనిషెవరో గానీ, తనకీ ఎప్పుడో మడమ నొప్పి వచ్చి ఉంటుందనిపించింది.

కబుర్లు చెప్పడానికి పక్కన ఎవరున్నారు? మావారిని సైకిలు మీద రమ్మంటే దండం పెట్టారు. అందుకని పైకే పదిహేడో ఎక్కం చదువుకుంటూ పరుగెత్తేదాన్ని. పదిహేడు ఏడులు నూట పంతొమ్మిది దగ్గర ఊపిరి తెగితే వేగం ఎక్కువైనట్టు, తగ్గించేదాన్ని. ఎదురొచ్చిన వాళ్ళు పక్కకి తప్పుకునేవారు. బూట్లకి చప్పుడు లేకపోవడం ఇంకో తంటా. పాలక్యాన్లు కట్టుకుని సైకిలు మీద వెళ్తున్న ఒకాయన వెనక నుంచి హఠాత్తుగా "పదిహేడు ఎనిమిదులు" అని వినబడేసరికి కాలవలో పడబోయాడు. "ఏందమ్మా, గంటన్నా కట్టుకో!" అని కేకేశాడు.

లోపాలు లేవని కాదు. ఒకరోజు బుద్ధి పుట్టి, కాలేజీ రోజులు గుర్తొచ్చి, ఒక కిలోమీటరు బలంగా పరుగెత్తి చూశాను. ఆ బూట్లు సహకరించలేదు. నేను నేలని తన్నిన బలమంతా ఆ మెత్తని అడుగే మింగేసింది. పందేలకి పనికిరావు. మొదట కోపమొచ్చింది కానీ, ఆలోచిస్తే అది తన పని కాదని ఆ బూటు నిజాయితీగా చెబుతున్నట్టే. నెమ్మదిగా వెళ్ళే మనిషికి అంత మర్యాద చేసే బూటు నేను మళ్ళీ చూడలేదు. వాన పడితే మాత్రం పైన జల్లెడగుడ్డలోంచి నీళ్ళు దిగి సుబ్బరంగా తడిసిపోతాయి. లోపల పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెట్టినా రెండు రోజులకి గానీ ఆరవు. రోడ్డు దిగితే నల్లమట్టి అడుగున పట్టుకుని ఒక్కో బూటూ ఇటుకంత బరువవుతుంది.

అది కోతలైపోయిన కాలం. ఊరు దాటాక రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోసేవారు. రెండో పక్క నుంచి వెళ్ళిపోయేదాన్ని. ఒకచోట రెండు పక్కలా పోసేశారు, మధ్యలో లారీ చక్రం పట్టేంత దారి, అందులోనూ గింజలే. బూట్లతో గింజలు తొక్కడం నా వల్ల కాదు. ఆగి, విప్పి, చేత పట్టుకుని, ఉత్త కాళ్ళతో గింజల్ని తప్పించుకుంటూ నడిచాను. ధాన్యం కాపలా ఉన్న ముసలమ్మ, "ఏసుకునే ఎల్లమ్మా, లారీలే ఎల్తన్నాయి" అని నవ్వింది. అయినా వేసుకోలేదు. నూరడుగులు నడిచేసరికి మడమలో పాత సలుపు లేచింది. మళ్ళీ బూట్లు వేసుకుని పది అడుగులు వేయగానే తగ్గింది. ఇన్ని రోజులూ ఆ బూటు నా కోసం ఏం చేస్తోందో అక్కడ తెలిసింది. రోడ్డు మీద కూర్చుని దానికి దండం పెట్టాలనిపించింది.

మూడో వారానికి పొద్దున మంచం దిగితే మేకు లేదు, ముల్లు మాత్రమే ఉంది. కుంటడం కూడా నాకు తెలిసేంతే గానీ ఎవరికీ కనబడదనుకున్నాను. గెలుస్తాననే నమ్మకం కలిగింది. మావారు కూడా పేపర్లోంచి తలెత్తి నా కాళ్ళ వంక చూడటం మొదలెట్టారు.

సరిగ్గా అప్పుడు, ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి వసారాలో ఆముదం వాసన. బూట్లు రెండూ పీట మీద బోర్లించి ఉన్నాయి. నీలం గీతలు నల్లబడ్డాయి. లోపల చెయ్యి పెడితే వేళ్ళకి జిడ్డు. అత్తయ్య ఆముదం సీసా, గుడ్డముక్క పక్కన పెట్టుకుని కూర్చున్నారు. మావయ్యగారి తోలు చెప్పులు కొత్తలో కరిస్తే ఆవిడ అలాగే ఆముదం పట్టించి మెత్తబరిచేవారట. కొత్త బూట్లకీ అంతే అనుకున్నారు.

నేను నోరు పారేసుకున్నాను. ఏమన్నానో అన్నీ ఇక్కడ రాయను. "నా వస్తువు ముట్టుకునే ముందు నన్నొక మాట అడగరా?" అన్నది వాటిలో మర్యాదైన మాట. అత్తయ్య సీసాకి మూత పెట్టారు. "ఇంకా కాలు ఈడుస్తున్నావు కదమ్మాయ్, కరుస్తున్నాయేమో అనుకున్నా" అన్నారంతే. ఆ మాట చెవిన పడింది గానీ ఆ కోపంలో ఎక్కలేదు.

మర్నాడు బెట్టుకి పోయి, అటకెక్కించిన కాన్వాసు బూట్లు దించి వేసుకుని వెళ్ళాను. ఎక్కం చదవలేదు. కోపంతో పరుగెత్తాను, వేగంగా పరుగెత్తాను. ఆ తర్వాతి పొద్దున మంచం దిగితే మేకు మళ్ళీ దిగింది, ఇదివరకటి కంటే లోతుగా. గడువింకా వారమే ఉంది. తప్పు ఆముదానిది కాదు, నాది. అది ఒప్పుకోవడానికి ఒక పూట పట్టింది.

పెరట్లోకి వెళ్తే అత్తయ్య బకెట్టు ముందు కూర్చుని బూట్లు ఉతుకుతున్నారు. వేడినీళ్ళలో కుంకుడుకాయ పిసికి, ఆ నురగలో ముంచి, లోపలికి వేళ్ళు పోనిచ్చి తలంటినట్టు రుద్దుతున్నారు. అప్పటికి మూడో ఉతుకట. నేనూ పక్కన కూర్చున్నాను. "పొరపాటున అరిచానత్తయ్యా" అన్నాను. "పొరపాటున అరిచావా, గట్టిగానే అరిచావు" అని రెండో బూటు నా చేతిలో పెట్టారు. ఇద్దరం కలిసి జిడ్డు వదలగొట్టాం. నీడన మూడు రోజులు ఆరబెట్టాం. ఆ మూడు రోజులూ నేను ఇల్లు కదల్లేదు. మెట్టు అంచున వేళ్ళ మీద నిలబడి మడమ కిందకి సాగదీయడం ఒకటి డ్రిల్లు మాష్టారు నేర్పారు, అది మాత్రం చేశాను.

నాలుగో రోజు వేసుకుంటే, ఆ బూట్లు బతికే ఉన్నాయి. రంగు పాడైంది, కుంకుడుకాయ వాసన వేస్తున్నాయి, ఎడమదాని అంచు దగ్గర కాస్త జిగురు వదిలింది. కానీ మడమ కింద ఆ మెత్తదనం ఎక్కడికీ పోలేదు. పదిహేడో ఎక్కం ఇరవై దాకా, ఊపిరి తెగకుండా. చివరి మూడు రోజులూ అలాగే, ఒక్క అడుగు తొందరపడకుండా పరుగెత్తాను.

నెల తిరిగిన రోజు పొద్దున మెలకువొచ్చింది గానీ వెంటనే లేవలేదు. భయమేసింది. మావారు అటు తిరిగి నిద్ర నటిస్తున్నారు. కాళ్ళు కిందకి దించి, ఎడమ పాదం నేల మీద పెట్టి, బరువంతా దాని మీద వేశాను. మేకు లేదు. ముల్లు లేదు. ఇంకో అడుగు వేశాను. ఏమీ లేదు. తలెత్తితే గుమ్మంలో అత్తయ్య నిలబడి నా కాళ్ళ వంకే చూస్తున్నారు.

"నొప్పి లేదత్తయ్యా" అన్నాను.

"చూశాగా. రోజూ చూస్తున్నా" అన్నారు. "నీది ఎడమ కాలు. నాది కుడి."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఎన్నాళ్ళ నుంచీ అని అడిగాను. "మీ ఆయన హైస్కూల్లో ఉన్నప్పటి నుంచి. పొద్దున్నే నాలుగడుగులు, తర్వాత సర్దుకుంటుందిగా" అన్నారు, పక్కింటి వాళ్ళ సంగతి చెప్పినట్టు. ఇంట్లో అందరికంటే ముందు లేచే మనిషి. ఆవిడ మొదటి అడుగు మాలో ఒక్కరమూ చూడలేదు. నేను మంచం దిగి కుంటినప్పుడు మాత్రం డాక్టరు, మాష్టారు, గుడివాడ బస్సు.

ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, వద్దంటున్నా వినకుండా, మేజోళ్ళు తొడిగి, బూట్లు వేసి తాళ్ళు కట్టాను. పగుళ్ళతో వెడల్పుగా ఉన్న ఆ పాదాలు మగవాళ్ళ ఏడో నంబరులో హాయిగా పట్టాయి. లేచి నిలబడ్డారు. చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని తన గది దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, మళ్ళీ వెళ్ళారు. గోడ పట్టుకోలేదు.

ఆవిడ గది తలుపు పక్కన సున్నం మీద, చెయ్యి ఆనేంత ఎత్తున, ఒక నల్లటి మరక ఉంటుంది. ఏటా సున్నం వేయించినా నెల తిరక్కుండా మళ్ళీ పడేది. పిల్లల పనేనని ఎన్నేళ్ళు వాళ్ళ మీద అరిచానో.