మట్టం అని నేను పెట్టిన పేరు

మొన్న మార్కాపురంలో మా చెల్లెలి కూతురు కాలేజీ రికార్డులో సీ ప్రోగ్రాం రాసుకుంటూ, టైప్‌డెఫ్ అంటే ఉన్న రకానికే మనకు నచ్చిన ఇంకో పేరు పెట్టుకోవడం కదా పెద్దమ్మా అని అడిగితే, అవునమ్మా అన్నాను గానీ, ఒకప్పుడు నేను అలా పెట్టిన పేరొకటి గుర్తొచ్చింది.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, వీధికొక కంప్యూటర్ సెంటరు వెలసిన రోజులవి. అలాంటి ఒకదానిలో నా తొలి ఉద్యోగం. కొనకనమిట్ల వైపు పల్లెల్లోని బోర్ల వివరాలు ఎక్కించే పని వచ్చింది. నీళ్లు ఎన్ని అడుగుల లోతులో ఉన్నాయో నమోదు చేయడానికి, పూర్ణసంఖ్యలు మాత్రమే పట్టే ఇంట్ అనే రకానికి 'మట్టం' అని పేరు పెట్టుకుని మురిసిపోయాను. తర్వాత నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో కూడా ఎక్కించమన్నారు. అదీ మట్టమే కదా అని ఆ పేరే వాడేశాను. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. నా ప్రోగ్రాం ఒకటి పాయింట్ తొమ్మిదిని చప్పుడు లేకుండా ఒకటి చేసి, తాగవచ్చు అని అచ్చు వేసేది.

ఆ పల్లెల్లో ఒకదానిలో ఉంటూ, అంతవరకు దూరాన చేని బావి నుంచి నీళ్లు మోసుకొచ్చే మా మేనత్త, తాగవచ్చు అని ఉన్న నా కాగితం చూసి ఇంటి ముందరి బోరుకు మారింది. చంకలో మనవరాలు, అప్పుడప్పుడే నడక నేరుస్తున్న పిల్ల. ఎండాకాలమంతా ఇంటిల్లిపాదీ ఆ నీళ్లే తాగారు.

వానలు పడ్డాక, నీళ్లు పరీక్ష చేసే అన్న వచ్చి నా బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు.

"ఏంది చెల్లెమ్మా, నేను ఒకటి పాయింట్ తొమ్మిది అని రాసిచ్చినా గదా, నీ దాంట్లో ఒకటే ఉందేంది?"

ప్రోగ్రాం అంతా వెతికాను. ఎక్కడ చూసినా మట్టం, మట్టం. దాని వెనక ఇంట్ ఉన్న సంగతి చెప్పేది మొదట్లో ఉన్న ఒక్క వరుసే. అక్కడ ఆ ఒక్క మాట తీసి, దశాంశాలు కూడా పట్టే రకం పేరు రాసి మళ్లీ అచ్చు వేస్తే, తాగరాదు, తాగరాదు అంటూ కాగితం బయటికి వస్తూనే ఉంది. అందులో మేనత్త బోరూ ఉంది.

బస్సెక్కి వెళ్లి చెప్పాను. తిడుతుందనుకున్నాను. "నువ్వు చెప్పినావనే గదమ్మా తాగినాం" అని మాత్రం అని, బిందె తీసుకుని చేని బావి దారి పట్టింది.

కొన్నేళ్లకు ఆ పిల్లకు పాలపళ్లూడి వచ్చిన పళ్ల మీద గోధుమరంగు చారలు తేలాయి. ఆ ఎండాకాలం నీళ్ల వల్లేనా అంటే ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ గట్టిగా అడగలేకపోయాను.

ఇప్పుడు ఆ పల్లెల్లో అందరూ ప్లాంటు నీళ్ల క్యాన్లు కొంటున్నారు. ఆ రోజుల్లో, ఈ నీళ్లు మంచివేనా అని మనిషిని మనిషి అడిగేవాడు, తప్పు చెప్పిన మనిషి బస్సెక్కి వచ్చి ఒప్పుకునేవాడు. ఇప్పుడు క్యాన్ దించి వెళ్లే ఆటోను ఆపి ఆ మాట అడిగినవాళ్లను నేనింతవరకు చూడలేదు.